నడుము కొలత

ఉదయం ఏడింటికి ప్యాంటు గుండీ పెట్టుకోలేక బస్సు డ్రైవరు ఊపిరి బిగబట్టాడు. ఉతికితే ముడుచుకుపోయిందని విసుక్కుంటూ దాన్ని భార్య కుట్టుమిషను మీద పడేశాడు. ఇంట్లోనే బట్టలు కుట్టే ఆమె మారు మాట్లాడకుండా నడుము దగ్గర కుట్టు విప్పి అంగుళం వదులు చేసిచ్చింది. ఏడాదిలో అది మూడోసారి.

ముడుచుకుపోయింది బట్ట కాదని ఆమెకు తెలుసు. ఆరేళ్ళ క్రితం తనకు షుగరు బయటపడ్డప్పుడు ఆసుపత్రి నర్సు అన్నీ విడమరచి చెప్పింది. ఒంట్లో ఇన్సులిన్ ఉన్నా ఒళ్ళు దాని మాట వినడం మానేస్తుందట. షుగరు బయటపడేలోపు ఏళ్ళు గడుస్తాయట. నడుము లావెక్కడం, మెడ వెనక నల్లగా మందపాటి చార, భోజనం కాగానే ముంచుకొచ్చే నిద్ర దాని గుర్తులట. అప్పుడే మేలుకుంటే చాలావరకు ఆపొచ్చట. ఆ గుర్తులు ఒక్కొక్కటే మొగుడి ఒంటికి రావడం ఆమె ఏడాదిగా చూస్తూనే ఉంది. నోరు విప్పలేదు.

ఎందుకు విప్పాలి? తన మెడ నల్లబడ్డప్పుడు చుట్టాలందరి ముందు, మా ఆవిడకి సబ్బు కరువైందని నవ్వించాడు. జబ్బని తేలాక, తిని కూర్చుంటే రాదా అన్నాడు. రోజుకు పది గంటలు మిషను తొక్కే మనిషిని పట్టుకుని ఆ మాట. ఆయన వంతూ రాకపోదులే అనుకుంది. ఒక్కో కుట్టు విప్పుతుంటే ఆమె కడుపు చల్లబడేది.

మధ్యాహ్నానికే అతను కాలికి కట్టుతో తిరిగొచ్చాడు. డిపోలో ఏటా చేసే పరీక్షలో షుగరు నాలుగు వందలు దాటిందట. అరికాల్లో పుండు చూసి కట్టుకట్టి, బస్సు ఎక్కొద్దని పంపేశారట. మందుల షాపులో పనిచేసే కూతురు పరుగున వచ్చి కాగితాలు చదివింది. తల్లి వైపు తిరిగింది.

"ఇది నిన్నా మొన్నా వచ్చింది కాదమ్మా. నాన్న మెడ చూడు. నీకు కనపడలేదా?"

"కనపడింది."

"మరి చెప్పలేదేం?"

"నన్ను చూసి నవ్విన మనిషికి నేనెందుకు చెప్పాలి?"

డ్రైవరు గోడవైపు చూస్తూ ఉండిపోయాడు. ఈ రోజు కోసమే ఎదురుచూసిన ఆమె అతని మొహంలో ఓటమి వెతుక్కుంది. కనపడింది కూడా. కానీ అనుకున్నంత రుచిగా లేదు.

సాయంత్రం కట్టు మార్చాల్సి వచ్చింది. ఆమె కింద కూర్చుని అతని పాదం ఒళ్ళోకి తీసుకుంది. మందు బాగా మండుతుందని డిపోలో ముందే చెప్పారు. మండనీ అనుకుంటూ దూదిని గట్టిగానే అద్దింది. పుండు అంచు నుంచి నెత్తురు చిమ్మింది. అతను ఉలకలేదు, పలకలేదు.

"నొప్పిగా లేదా?"

"నువ్వింకా మొదలుపెట్టలేదనుకున్నానే," అన్నాడతను.

ఆమె చేతిలోని దూది జారిపోయింది. తను ఇన్నాళ్ళూ దాచుకున్న దెబ్బ తగిలేందుకు ఆ పాదంలో స్పర్శే మిగల్లేదు. ఆ పాదం మీదే తల వాల్చి ఏడ్చింది.

"చెప్పాల్సింది. నేను చెప్పాల్సిందండీ."

"చెప్పినా నవ్వేవాణ్ణే," అన్నాడతను. ఆమె తలమీద చెయ్యి వేశాడు. "ఆ రోజు అందరి ముందూ అన్నాను చూడు, తప్పు నాది. ఇప్పుడు చెప్పు. నాకేం చెయ్యాలో తెలీదు."

ఆమె కళ్ళు తుడుచుకుని, కొత్త దూది తీసుకుని, ఈసారి మెల్లగా అద్దింది.