నాలుగో అంతస్తులో రెండో చుక్క

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఆ కొత్త ఆఫీసు భవనంలో ఉన్నది ఇద్దరే మనుషులు. కింద కంట్రోల్ రూములో స్క్రీన్ ముందు కూర్చున్న కేబుల్ మేస్త్రి ఒకడు, పై అంతస్తుల్లో తిరుగుతున్న అతని బావమరిది ఇంకొకడు. బావమరిదిని తోటి పనివాళ్ళంతా వసపిట్ట అంటారు. నిద్రపోయేటప్పుడు తప్ప వాడి నోరు మూతపడదు. నిద్రలోనూ మూతపడదని వాడి అక్క, అంటే మేస్త్రి పెళ్ళాం, ఒట్టేసి చెబుతుంది.

ఆ భవనంలో ఎక్కడా స్విచ్చులు లేవు. ప్రతి గది సీలింగులోనూ అరచేతంత గుండ్రటి సెన్సర్ ఉంటుంది. అది మనిషి ఒంటి వేడిని పసిగట్టి లైటు వేస్తుంది, చల్లగాలి వదులుతుంది, తలుపు తీస్తుంది. మనిషి లేడనుకుంటే అన్నీ ఆపేసి తలుపు బిగించేస్తుంది. ఆ సెన్సర్లన్నిటినీ కలుపుతూ అయిదంతస్తుల్లో నీలం కేబుల్ లాగింది మేస్త్రి మనుషులే. మర్నాడు పొద్దున తొమ్మిదికి భవనం అప్పగించాలి. మిగిలింది నడక పరీక్ష ఒక్కటే.

నడక పరీక్ష బ్రహ్మవిద్యేమీ కాదు. ఒకడు గదిలోకి వెళ్ళి సెన్సర్ కింద నిలబడి, పది లెక్కపెట్టేదాకా కదలకుండా ఉండాలి. కిందవాడు స్క్రీన్ మీద ఆ గదిలో పచ్చ చుక్క వెలిగిందో లేదో చూసి టిక్కు పెట్టుకోవాలి. నడిచేవాణ్ణి ఎలాంటి సెన్సరైనా పట్టుకుంటుంది, నిలబడ్డవాణ్ణి పట్టుకున్నదే మంచి సెన్సర్. చిక్కల్లా ఏమిటంటే, వసపిట్టకి నిలబడటం చేతకాదు. కాలు కాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంటాడు.

మూడో అంతస్తు చివరి గదికి వచ్చేసరికి మేస్త్రికి ఓపిక నశించింది. వాకీటాకీ నొక్కాడు.

"ఒరేయ్, కదలకుండా నిలబడితే నీ సొమ్మేం పోయింది? చుక్క గదంతా గింగిరాలు తిరుగుతోంది."

"కాళ్ళు లాగుతున్నాయి బావా. పైగా ఈ పెయింటు వాసనకి తల తిరుగుతోంది. అవునూ, అక్క కట్టిచ్చిన డబ్బా ఎప్పుడు తెరుద్దాం?"

"ఇంకోసారి కదిలావంటే రేపట్నించి పనిలోకి రావద్దు. మళ్ళీ ఇంట్లో కూర్చుందువుగాని."

వాకీటాకీ మూగబోయింది. ఎనిమిది నెలలు పని లేక, అక్క ఇంట్లో తలొంచుకుని తిన్నవాడు వాడు. 'ఉన్నది ఒక్కగానొక్క తమ్ముడు, నీ చేతుల్లో పెడుతున్నా, జాగ్రత్తగా చూసుకో' అని పెళ్ళాం చెప్పిన మాట మేస్త్రికి గుర్తొచ్చింది. అనకుండా ఉండాల్సింది. సాయంత్రం టీ తాగేటప్పుడు సర్దిచెబుదాంలే అనుకున్నాడు.

నాలుగో అంతస్తులో పన్నెండో గది ఫైళ్ళు దాచుకునే గది. భవనం నడిమధ్యన ఉంటుంది కాబట్టి కిటికీల్లేవు. "పన్నెండులోకి వచ్చా," అంది వాకీటాకీలో ముక్తసరి గొంతు. మేస్త్రి స్క్రీన్ వైపు చూశాడు.

ఆ గదిలో రెండు చుక్కలున్నాయి.

అతనేమీ కంగారు పడలేదు. ఇలా అదనంగా కనబడే చుక్కని ఈ పనిలో 'దెయ్యం' అంటారు. గోడలో వేడినీళ్ళ గొట్టం ఉన్నా, కేబుల్ కొసలు సరిగ్గా కూర్చోకపోయినా అలాంటి దెయ్యాలు పుడుతూనే ఉంటాయి. దానికి మందు కూడా ఉంది. ఆ చుక్క మీద నొక్కి 'మనిషి కాదు' అని చెబితే చాలు. భవనం ఆ వేడి ముద్రని గుర్తుపెట్టుకుని, ఇక ఏ గదిలోనూ దాన్ని లెక్కలోకి తీసుకోదు.

ఒక చుక్క గది మధ్యలో నిలబడి ఉంది. రెండోది గోడ వెంబడి ఇటూ అటూ తిరుగుతోంది. ఎంత తిట్టినా వీడి తిరుగుడు తగ్గలేదు కదా అని మేస్త్రి నవ్వుకున్నాడు. గొట్టం నడవదు, నడిచేది మనిషే. నిలబడ్డ చుక్క మీద నొక్కాడు. మనిషి కాదు. 'ఖాయమేనా?' అని అడిగింది స్క్రీన్. ఖాయమే అన్నాడు. చుక్క ఆరిపోయింది.

"బావా... లైటు పోయింది."

"చెయ్యి ఊపు, వస్తుంది."

"ఊపుతున్నా... రావట్లేదు. తలుపు టక్కుమంది. గాలి కూడా ఆగిపోయింది బావా."

మేస్త్రి స్క్రీన్ మీదికి వంగాడు. మిగిలిన చుక్క తలుపు దగ్గర ఆగి ఉంది.

"తలుపు దగ్గరే ఉన్నావుగా, గట్టిగా తొయ్యి."

"తలుపు దగ్గరెక్కడ? గది మధ్యలో ఉన్నా. కదలొద్దన్నావుగా... వచ్చిన కాణ్ణించి అడుగు కూడా తియ్యలేదు."

మేస్త్రి వేలు ఇంకా మౌస్ మీదే ఉంది. తను మనిషి కాదన్నది ఎవర్నో అప్పుడు అర్థమైంది.

తలుపు దగ్గరి చుక్క కదిలింది. తొందరేమీ లేదు దానికి. గది మధ్యకి ఒక అడుగు... ఆగింది. ఇంకో అడుగు...

"బావా," ఈసారి గుసగుస. "ఏదో వాసన. తడిసిన గోనెసంచి మగ్గినట్టు... ఇక్కడ ఎవరో ఉన్నారు. ఊపిరి వినబడుతోంది."

"మాట్లాడకు. నేనొస్తున్నా."

చేసింది చెరిపేద్దామని నొక్కాడు. 'మనిషి కాదన్న మార్పు నమోదవుతోంది, ఆగండి' అంది స్క్రీన్. చక్రం తిరుగుతోంది. మళ్ళీ నొక్కాడు. చక్రం తిరుగుతూనే ఉంది. తాళానికి కరెంటు వెళ్ళేది కూడా ఆ నీలం కేబుల్లోంచే, కేబుల్ పీకేస్తే తాళం వదిలేస్తుంది. ఆ సంగతి తట్టగానే వాకీటాకీ నడుముకి తగిలించుకుని, ఫోను బల్ల మీదే వదిలేసి పరుగెత్తాడు.

లిఫ్టుని నమ్మలేదు. మెట్లెక్కాడు. ప్రతి మలుపులోనూ అతన్ని చూసి లైటు వెలుగుతోంది, దాటగానే వెనక ఆరిపోతోంది. నడుము దగ్గర వాకీటాకీలో గురగుర తప్ప మాట లేదు. జన్మలో మొదటిసారి బావమరిది వాగుడు కోసం ప్రాణం కొట్టుకుంది.

నాలుగో అంతస్తు. మెట్ల పక్కనే కేబుళ్ళ బీరువా. వందల నీలం తీగలు. వేలు పెట్టి చీటీలు చదివాడు. తొమ్మిది... పదకొండు... పన్నెండు. పీకాడు.

వరండా చివర తాళం టక్కుమని వదిలేసింది.

తలుపు తోస్తే లోపల కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. మగ్గిన వాసన గుప్పుమంది. లోపలికి అడుగు పెట్టడానికి కాళ్ళు ఒప్పుకోలేదు. గుమ్మంలోనే నిలబడి చెయ్యి చాపాడు.

"ఒరేయ్... రారా. నేనే. చెయ్యి పట్టుకో."

చప్పుడు లేదు. ఒకటి... రెండు క్షణాలు... ఓ చెయ్యి వచ్చి అతని చేతిని పట్టుకుంది. వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనానికి మేస్త్రికి ఏడుపొచ్చినంత పనైంది.

"హడలగొట్టావు కదరా! నీకేమన్నా అయితే మీ అక్కకి ఏ మొహం పెట్టుకుని చెప్పను? నన్ను క్షమించరా, ఇందాక నోరు జారాను."

"పోదాం," అన్నాడు బావమరిది. అంతే.

మెట్లు దిగుతున్నంతసేపూ వాడు పెదవి విప్పలేదు. భయపడ్డాడు పాపం, ఇంటికెళ్ళి అక్కని చూస్తే కుదుటపడతాడు అనుకున్నాడు మేస్త్రి. వాడి నడుముకి వాకీటాకీ లేదు. చీకట్లో పడేసుకుని ఉంటాడు, రేపు తెచ్చుకోవచ్చు. కింద వరండాలోకి రాగానే, "నువ్వు నెమ్మదిగా రా, నేను సామాను తీసుకుంటా," అని కంట్రోల్ రూములోకి గబగబా వెళ్ళాడు. గాజు తలుపు అతని వెనక మూసుకుంది.

సంచిలో ఫోను పడేశాడు, తినని డబ్బా పెట్టుకున్నాడు. స్క్రీన్ మీద చక్రం ఆగిపోయి ఉంది. 'మనిషి కాదన్న మార్పు నమోదయింది' అని రాసి ఉంది, చెరిపెయ్యమని నొక్కింది అందనేలేదు. అంటే బావమరిది ఇంకా ఈ భవనం లెక్కలో మనిషి కాదు. మెట్ల మీద తను పక్కనే ఉన్నాడు కాబట్టి లైట్లు వెలిగాయి. ఇప్పుడు వరండాలో ఒంటరిగా వస్తున్నాడు, పాపం చీకట్లో తడుముకుంటుంటాడు. మేస్త్రి తలెత్తి గాజులోంచి చూశాడు.

వరండా చీకటిగా లేదు. బావమరిది నడిచి వస్తున్నాడు. వాడు అడుగేసిన చోటల్లా నెత్తి మీద లైటు వెలుగుతోంది. ఒకటి తర్వాత ఒకటి... పొల్లుపోకుండా.

మేస్త్రి కదల్లేకపోయాడు.

నడుము దగ్గర వాకీటాకీ గురగురలాడింది. సన్నటి గొంతు. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు.

"బావా... నువ్వొచ్చావు. తలుపు దగ్గర నీ మాట విన్నా. ఎంత అరిచినా నీకు వినబడలేదు. నన్నొదిలేసి... ఎవర్ని తీసుకెళ్ళావు బావా?"

మనుషులు వస్తే తప్ప తెరుచుకోని గాజు తలుపు, మెల్లగా పక్కకి జరిగింది.