రెండు గడులు దూకిన బంటు

వంక పొంగి ఎమ్మిగనూరు మగ్గం గుంతల్లో నీళ్లు నిలిచిన తర్వాత రెండో ఏడు. అంటే 1957.

ఆ వరదలోనే సీక్రెట్ ఏజెంట్ గిడ్డయ్య శవం ఒక మగ్గం గుంతలో తేలింది. మెడకు నూలు తాడు బిగించి ఉంది. చంపినవాడు విదేశీ ముఠా మనిషి. కోడ్ నేమ్ ‘ఒంటె’. వాడి మొహం ఎవరికీ తెలియదు. చావడానికి ముందు గిడ్డయ్య హెడ్డాఫీసుకు పంపిన టెలిగ్రాంలో మూడే మాటలు: ‘బంటు రెండు దూకింది.’ కోడ్ సెక్షన్‌కు అది రెండేళ్లయినా తేలలేదు.

“ఒంటె ఆదోని వస్తున్నాడు” అన్నాడు చీఫ్. “తాలూకాల ఆటల పోటీలు. కప్పులిచ్చేది డ్యాం ఇంజనీరు. ఆయనే టార్గెట్. ఒంటె నాకు ప్రాణాలతో కావాలి.”

వింటున్నది ఏజెంట్ మద్దయ్య. గిడ్డయ్య అతని అన్న.

“ప్రాణాలతో, మద్దయ్యా.”

“ఇనబడింది సార్.”

ఆదోని. పత్తి మిల్లు ఆవరణ. ఒక పక్క కబడ్డీ, ఒక పక్క పరుగు పందెం, రేకుల షెడ్డు కింద చదరంగం. పత్తి మూటలు మోసే హమాలీ వేషంలో, చేతికి ఉక్కు కడియంతో మద్దయ్య ఫైనలుకు వచ్చాడు. ఎదురుగా ఆలూరు ఎద్దుల బేరగాడు వెంకటేశులు. మధ్యలో ఆట గడియారం.

నల్ల కళ్లద్దాల హులిగెమ్మ సోడా తెచ్చింది. నాటకాల్లో రాణి వేషాలు కడుతుంది. రెండు పక్షాలకూ పని చేసే డబుల్ ఏజెంట్.

“సోడా సల్లగుందా?”

“ఉప్పేస్తే సల్లగైతాది.”

కోడ్ సరిపోయింది. ఆమె అతని చెవి దగ్గరికి వంగింది.

“గడియారంలో బాంబుంది. ఆరుకు పేలుతాది. కదిలిచ్చినా పేలుతాది. ఆపేది ఒంటెకే తెల్సు.”

“వాడెవుడు?”

“నేనూ సూడలే, మద్దన్నా.”

ఐదున్నర. జనాన్ని తరిమితే ఒంటె కూడా జనంలో కలిసి పోతాడు. మద్దయ్యకు అది కుదరదు. కూర్చున్నాడు.

“నాటు ఆటప్పా!” కమిటీ పెద్ద అరిచాడు. “బంటుకు ఒగటే గడి!”

వెంకటేశులు మొదటి ఎత్తు వేశాడు. బంటు రెండు గడులు పోయింది. జనం గొల్లుమన్నారు.

“ఏమప్పా, బంటుకు రెక్కలొచ్చినాయా?”

“తప్పైపాయ, తప్పైపాయ” అంటూ వెనక్కి జరిపాడు.

మాట ఆలూరుదే. చెప్పులకు పేడ కూడా ఉంది. చెయ్యి మాత్రం, బంటు మొదట రెండు గడులు పోయే ఆటను మరో దేశంలో నేర్చుకుంది. అన్న కూడా ఇట్లాగే వీడితో ఆడి కనిపెట్టాడన్న మాట. టెలిగ్రాం ఇప్పుడు తేలింది.

మద్దయ్య తొందరపడలేదు. ఒక్కో ఎత్తూ రాగి ముద్ద మింగినంత నిదానంగా వేశాడు. ఆరుకు పది నిమిషాలుండగా ఇంజనీరు పక్కనే వచ్చి కూర్చున్నాడు. వెంకటేశులు లేచాడు.

“ఓడినాననుకో అన్నా. ఎద్దులకు నీళ్లు పెట్టల్ల.”

క్లిక్!

మద్దయ్య చేతి కడియంలో నుంచి స్ప్రింగ్ బేడీ వెంకటేశులు మణికట్టును పట్టుకుంది.

“ఆట తెగల్యా. కూసో.”

“బీగంచెవి యాడ?”

“ఎమ్మిగనూర్లో. మగ్గం గుంతలో ఎతుక్కో.”

ఒంటె మొహం పాలిపోయింది.

“నువ్వూ సస్తావు!”

“మాయన్న ఆడ ఒక్కడే ఉండాడు. తోడు పోదాం పా.”

ఐదు నిమిషాలు. రెండు. బల్ల మీద చెమట చుక్కలు పడ్డాయి. మద్దయ్య చూపు ముల్లు మీద లేదు, వాడి కళ్ల మీద ఉంది.

ఇంకా మూడు సెకన్లు. ఒంటె రెండో చెయ్యి గడియారం వెనక్కి దూకింది. ఎడమకు రెండు తిప్పులు తిప్పి, పిన్ను లాగాడు. టిక్కు టిక్కు ఆగింది. కబడ్డీ కూత మాత్రం వినబడుతోంది.

ఇంజనీరుకు ఇదేమీ తెలియదు. కప్పు ఇస్తూ, “ఇద్దరి చేతులూ కలిపి కట్టుకున్నారెందుకయ్యా?” అన్నాడు.

“ఈడ ఇట్లనే ఆడతాం సార్.”

మరునాడు పొద్దున మద్దయ్య బల్ల, పావులు సంకలో పెట్టుకొని ఒంటె ఉన్న లాకప్‌కు పోయాడు. ఊచల ముందు బాసీపట్టు వేసుకొని పావులు పేర్చాడు.

“ఉరికి ఇంకా టైముంది. నాటు ఆట నేర్చుకో” అంటూ బంటును ముందుకు జరిపాడు. ఒక్క గడి.