మధ్య పలక

గగన్‌పహాడ్‌లోని ఆ ప్రయోగశాల షెడ్డు తాళం ఎవరూ పగలగొట్టలేదు. లోపల డిటెక్టర్ మాత్రం లేదు.

ఎస్సై ప్రేమ్ రాజ్ స్టూలు మీద కూలబడ్డాడు. సరిగ్గా నిద్రపోయి వారమైంది. తాళంచెవి అతని దగ్గరే ఉంటుందని కాపలాదారు గోపయ్యను నిన్ననే లాకప్‌లో వేశాడు. తీరా చూస్తే ఇంకో తాళంచెవి ఆఫీసు గోడకే వేలాడుతోంది.

"అసలు దీంతోని ఏం పని సార్?"

ఇంజనీరు నరసరాజు భీమవరం వైపు మనిషి. ఓపిగ్గా చెప్పాడు.

"కాస్మిక్ కిరణాలు ఆకాశం నుంచి ఎప్పుడూ కురుస్తూనే ఉంటాయండి. కప్పు దాటి, ఒకదాని కింద ఒకటి పెట్టిన మూడు ప్లాస్టిక్ పలకల్లోంచి దూసుకుపోతాయి. పైదీ కిందదీ వెలిగినప్పుడల్లా మధ్యదీ వెలగాలి. వెలిగితే అది మంచి డిటెక్టర్. ప్రయోగానికి పంపుతాం."

"పోయింది ఏది?"

"మధ్యదండి."

"గోపయ్యకెందుకది?"

"లోపల ఇత్తడి ఉందనుకున్నాడేమో." నరసరాజు కళ్లు దించుకున్నాడు.

ప్రతి పలకకూ ఒక హై వోల్టేజి పెట్టె ఉంది. ప్రేమ్ రాజ్ కింది పలక పెట్టె చూపించాడు.

"లలిత్, జర ఇది ఆపు."

కొత్తగా చేరిన కానిస్టేబుల్ లలిత్ నేరుగా స్విచ్ మీద చెయ్యి వేశాడు.

"అలా కాదయ్యా!" నరసరాజు ఒక్క అంగలో వచ్చాడు. "ఒక్కసారిగా ఆపితే పలకలోని ట్యూబ్ పాడైపోతుంది!"

వోల్టేజి మీటను నెమ్మదిగా సున్నాకు తిప్పి, అప్పుడు స్విచ్ ఆపాడు.

ప్రేమ్ రాజ్ మధ్య పెట్టె వైపు వేలు చూపాడు.

"ఇది గూడ సున్నా మీదనే ఉంది సార్. నిన్న చూసిన గని సమజ్ గాలే. ఇత్తడి దొంగ వైరు తెంపుకొని పోతడు. గింత పైలంగ ఎవరు ఆపుతరు?"

నరసరాజు గోడకు చేరగిలబడ్డాడు.

"మా ఇంట్లో మంచం కింద ఉందండి. నేను అతికించిన పలకే. సగం గుడ్డిది, కిరణం దూసుకుపోయినా సగంసార్లు వెలగదు. సోమవారం బొంబాయి నుంచి తనిఖీకి వస్తున్నారు. చూస్తే షెడ్డే మూసేస్తారు."

"గోపయ్య లోపలున్నడని ఎరుకేనా?"

"తెలుసండి. అన్నం దిగలేదు."

"ఆయనకు దెబ్బలు దిగినయ్."

అన్నాక ప్రేమ్ రాజ్‌కే నోరు చేదెక్కింది. కొట్టమన్నది తనే.

స్టేషన్‌లో తనే లాకప్ తెరిచాడు. గోపయ్య గోడ పట్టుకుని లేచాడు.

"దొరికిందా సారూ?"

"దొరికింది."

"పలిగిందా?"

"లేదు. పో అన్నా. తప్పు మాది."

గేటు దగ్గర గోపయ్య భార్య ఈరమ్మ పొద్దున్నుంచీ కూర్చునే ఉంది. కుంటుకుంటూ వస్తున్న మొగుణ్ణి చూసి లేచింది.

"జీపెక్కు అక్కా. దవాఖానకు తోల్కపోతా" అన్నాడు ప్రేమ్ రాజ్.

ఆమె గోపయ్య చేతిని తన భుజం మీద వేసుకుంది.

"మేం నడిచే పోతం."