వెన్నచాటు చావు

చీఫ్ బల్ల మీద పడేసిన ఫోటోను గూఢచారి వీబ్రెన్ చేతిలోకి తీసుకున్నాడు. తోలు లేకుండా పుట్టిన దూడ.

"పరాయి దేశం వెన్న కంపెనీవాళ్ళు పరీక్షించిన ఫారంలో ఇది మూడోది," అన్నాడు చీఫ్. "మన కోడె బౌకె పేరు అచ్చేసిన స్ట్రాల్లో, అదే ఆవుల్ని కట్టించే సన్నటి గొట్టాల్లో, పరాయి కోడె వీర్యం నింపారు. అందులో పాలకొవ్వు పెంచే జన్యువుంది. దాని పక్కనే దూడల్ని చంపేదీ ఉంది. ఈ తరానికి వెన్న, వచ్చే తరానికి శవాలు. మన మందలు పోతే వెన్న మార్కెట్ వాళ్ళదే. రేపు ఉదయం ఇరవై అయిదు స్ట్రాలు ఫ్రీస్‌లాండ్ కొట్టాలకు బయల్దేరతాయి. మొదటి కొట్టం మీ అక్కది. ఆపరేషన్ మీగడ. వెళ్ళు."

తెల్లారేసరికి వీబ్రెన్ టెక్నీషియన్ వేషంలో వీర్యకేంద్రం స్టోర్‌లో ఉన్నాడు. వెనక నుంచి సెంటు వాసన వచ్చింది. దానికంటే పేడ కంపే నయం. తిరిగి చూస్తే తన ఆఫీసులోనే పక్క సీటు జిల్డౌ, చేతిలో పిస్టల్. నిమిషంలో అతని చేతులు పైపుకు బేడీలతో బిగించింది.

"నువ్వా! పుట్టే దూడల తోలు ఊడదీస్తావా? ఛీ!"

"జనానికి చిక్కటి మీగడ కావాలి బంగారం, నేనిస్తున్నా. పది నిమిషాల్లో టెక్నీషియన్లు క్యాన్లు పట్టుకుపోతారు. అందాకా నోరు మెదిపావో, చస్తావ్."

వీబ్రెన్ నవ్వాడు. "ఆలస్యమైంది. ఆ స్ట్రాలు రాత్రే మార్చేశా."

జిల్డౌ క్యాన్ దగ్గరికి ఉరికింది. వీర్యాన్ని గడ్డకట్టించి ఉంచే నైట్రోజన్ క్యాన్‌లోంచి స్ట్రాలన్నీ గుత్తిగా పైకి తీసి, కిటికీ వెలుతురులో ఒక్కో దాని మీది చీమతలకాయంత అక్షరాలు చదివింది.

"చివరిది కూడా చూడు," అన్నాడు వీబ్రెన్.

చూసింది. "ఒక్కటీ మారలేదు, అబద్ధాలకోరు!" అని మళ్ళీ పొగలోకి ముంచింది.

"పదేళ్ళు ఆవుల వెనక చెయ్యి పెట్టి బతికినవాణ్ణి జిల్డౌ. స్ట్రా క్యాన్ మెడ దాటితే పది లెక్కపెట్టేలోపు దింపెయ్యాలి. నువ్వు తాపీగా మూడు నిమిషాలు చదివావు. అన్నీ కరిగి చచ్చాయి. ఇక వాటితో ఏ ఆవూ చూడి కట్టదు."

ఆమె కెవ్వుమని పిస్టల్ ఎత్తింది. అదే క్షణంలో తలుపు తెరుచుకుంది. క్యాన్ల కోసం వచ్చిన నలుగురు గంబూట్ల మనుషులు ఆ అరుపుకి పరుగున వచ్చి, ఆమె చెయ్యి విరిచి పట్టుకున్నారు.

కబురందగానే చీఫ్ టెక్నీషియన్ల కార్లన్నీ ఆపించాడు. బేడీలు ఊడీ ఊడకముందే వీబ్రెన్ ఫోన్ మోగింది. అక్క చిట్స్కె.

"ఒరేయ్, ఆవును కట్టించడానికొచ్చే మా సూదులాయన్ని ఆపింది మీవాళ్ళేనటగా! ఆవు ఎదకొచ్చి పొద్దున్నుంచీ అరుస్తోంది. ఇది తప్పితే మూడు వారాలు ఆగాలి!"

"అక్కా, నేనిప్పుడే దేశాన్ని కాపాడి..."

"దేశం ఎదకు రాదు కదరా! ముందు నా ఆవు సంగతి చూడు."