స్టాఫ్ అకౌంటులో ముగ్గురు

"నేనే తీసేసినానని మీరూ అనుకుంటాండారు గదా సార్" అంది ప్రసన్న.

భరత్ కీబోర్డు మీంచి తలెత్తలేదు. మెషీన్లతో వచ్చినంత మాట అతనికి మనుషులతో రాదు.

మదనపల్లెలో మునిరత్నంగారి కంప్యూటర్ సెంటరు అది. పాఠాలు చెప్పే ముగ్గురికీ కలిపి లైనక్స్ సర్వర్లో 'స్టాఫ్' అని ఒకటే అకౌంటు, దానికి అడ్మిన్ హక్కులన్నీ. సోమవారం పిల్లల ప్రాజెక్టులు మాయమయ్యాయి. ఆ రోజు అందరికంటే చివరగా ఆ అకౌంటులో పనిచేసింది ప్రసన్న కాబట్టి తప్పు ఆమెదేనని మునిరత్నం తేల్చేశాడు. వారానికోసారి కుప్పం నుంచి వచ్చి సర్వర్ చూసుకునే భరత్, రాగానే ఆ అకౌంటు హక్కులు పీకేశాడు, ఇంకెవరూ ఆమెను అనకూడదని. ఆ ముక్క ఆమెకు చెప్పాలని మాత్రం తోచలేదు.

ఈ వారంతో మానేస్తానని చెప్పి ప్రసన్న క్లాసుకు వెళ్లిపోయింది.

ఇప్పుడు స్టాఫ్‌లోంచి ఎవరు అడ్మిన్ కమాండ్ కొట్టినా సర్వర్ కుదరదంటుంది. అంతటితో ఊరుకోక, ఏం కొట్టారో భరత్‌కు మెయిల్లో చాడీ చెబుతుంది. చెబుతానని స్క్రీన్ మీద ముందే బెదిరిస్తుంది కూడా.

శుక్రవారం కుప్పంలో అతను చదివిన చాడీ ఇది: "ఆదివారం పుంగనూరోళ్లు పెండ్లిచూపులకు వస్తాండారు. రమ్మనేదా, వద్దనేదా?"

కొట్టినవారు: స్టాఫ్.

ప్రసన్నే అయ్యుండాలి. పాఠాలు చెప్పే మిగతా ఇద్దరిలో పద్మావతమ్మకు ఇద్దరు చిన్నపిల్లలు. కానీ చిన్నప్ప సారుకు పెళ్లీడు కూతురుంది, భరత్‌ను రెండుసార్లు భోజనానికి పిలిచాడు కూడా. ఫోన్ చేసి అడగొచ్చు. ఆమె కాకపోతే?

శనివారం పొద్దున్నే వానలో బస్సెక్కాడు. పుంగనూరులో ఎక్కిన ప్రతి కుర్రాడిలోనూ పెళ్లికొడుకును వెతికాడు.

సెంటర్లో ముందుగా ముగ్గురికీ అడ్మిన్ హక్కుల్లేని వేరువేరు అకౌంట్లు చేసిచ్చాడు.

"ఇదే మేలప్పా" అన్నాడు చిన్నప్ప సారు కళ్లజోడు సర్దుకుంటూ. "సోమవారం డిస్కు నిండిందని ఆ పిల్లోళ్ల ఫోల్డర్లు తీసేసింది నేనే. ఎవురూ నన్ను అడగనే లేదు."

మునిరత్నం టీ గ్లాసు కింద పెట్టాడు. ప్రసన్న ఎవరి వైపూ చూడకుండా ఏదో టైపు చేస్తోంది.

భరత్ స్క్రీన్ మీద కొత్త చాడీ పడింది.

కొట్టినవారు: ప్రసన్న. "యాలప్పా ఇంత ఆలస్యం?"

అతను లేచి ఆమె బల్ల దగ్గరికి వెళ్లాడు.

"పుంగనూరోళ్లను వద్దను. రేపు మాయమ్మ వస్తాది."

"ఆయమ్మకు తెలుసునా?"

"ఇంకా లేదు."

ప్రసన్న సెంటర్ ఫోన్ అతని వైపు జరిపింది.

"ముందు ఆడ చెప్పు. మళ్లా నేను మా ఇంట్లో చెప్తా."