వెనక సీటు పంతులమ్మ

పొద్దున్నే వంటింటి బల్ల మీది కప్పులు పక్కకి జరిపి కాగితాలు పరిచింది కూతురు. ఆ ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటి మనిషి ఆమె. పై కాగితం మీద పెద్ద అక్షరాలతో "మూడేళ్ల వ్యాపార ప్రణాళిక" అని ఉంది.

వాళ్ల వ్యాపారమంతా కలిపి ఒక్క కారు. అందరూ మాస్టారని పిలిచే తండ్రి అందులో డ్రైవింగ్ నేర్పిస్తాడు. ఊళ్లో మాట్లాడేది వేరే భాష. వాళ్ల భాషవాళ్లు ఉండేది నాలుగైదు వీధుల్లోనే. ఆ వీధులవాళ్లే వీళ్ల దగ్గర నేర్చుకునేది. ఆర్నెల్ల కిందట మలుపులో ఆరు కొత్త కార్లతో పెద్ద స్కూలొకటి తెరిచారు. అప్పట్నుంచి మాస్టారికి అన్నం సయించడం లేదు. మంచి ప్రణాళిక తెస్తే రెండో కారుకి సాయం చేస్తామని చిన్న వ్యాపారాల సహాయ కేంద్రంవాళ్లు అన్నారు. గడువు శుక్రవారం.

"చదువు తల్లీ, విందాం," అన్నాడు తండ్రి.

"మన బలాలు: ఒక కారు, పదహారేళ్ల అనుభవం ఉన్న ఒక శిక్షకుడు. మన అవసరం: రెండో కారు నడిపించడానికి బయటినుంచి ఒక ఉద్యోగి."

పొయ్యి దగ్గరున్న తల్లి చటుక్కున తిరిగింది. "బయటినుంచా? మరి నేనో?"

"నువ్వేంటమ్మా?"

"పదహారేళ్లుగా వెనక సీట్లో కూచుంటున్నదెవరే? స్పేర్ టైరా?"

కూతురికి నవ్వొచ్చింది. "నీకు లైసెన్సే లేదు కదమ్మా! ఆడవాళ్లు మొహమాటపడకుండా తోడు వెళ్తావు, అంతేగా. తోడు వెళ్లడాన్ని ఏ గడిలో రాయమంటావు?"

తల్లి పొయ్యి కట్టేసింది. "సరే. తోడేగా. ఇవాళ్టికి లేదనుకోండి."

"అదికాదోయ్..." అన్నాడు తండ్రి.

"అదీ కాదు, ఇదీ కాదు." గది తలుపు దడాలున పడింది.

ఆవేళ వెనక సీట్లో కూతురు కూచుంది. మొదట వచ్చింది బట్టలు కుట్టే ఆవిడ. మర్నాడే ఆవిడకి లైసెన్సు పరీక్ష. కారెక్కగానే అద్దంలోకి చూసి, "వదినేదీ?" అంది.

"ఇంట్లో పనుంది. పోనీయండి. ఎడమకి," అన్నాడు మాస్టారు.

ఆవిడ కారు కదపలేదు. "మీరు మన మాటలో చెప్తే ఎలాగండీ? రేపు అధికారి ఊరి భాషలో కదా చెప్పేది! వదినైతే ముందు ఆయన మాటే అంటుంది. ఆయన గొంతుతో, ఆ దగ్గుతో సహా. అని, ఎడమకైతే నా ఎడమ భుజం తడుతుంది, కుడికైతే కుడి. పరీక్ష వారం ఉందనగా తట్టడం మానేస్తుంది."

"ఎందుకని?" అంది కూతురు.

"అప్పటికి చెవికే తెలిసిపోతుందిగా. ఆ పెద్ద స్కూల్లో నేర్చుకుని రెండుసార్లు తప్పానమ్మా. బండి నడపడం రాక కాదు, ఆయనేమంటున్నాడో తెలియక."

తెలిసిన భాషే కదా అని కూతురు ఆ గొంతూ దగ్గూ లేకుండానే ఊరి భాషలో గబగబా ఓ మాట అంది. కుడికి తిరగమంటే వైపర్లు తిరిగాయి. ఆ వెంటనే పడ్డ బ్రేకుకి మాస్టారి కళ్లజోడు ఎగిరి ఒళ్లో పడింది.

తర్వాత వచ్చిన ఇద్దరూ అదే అడిగారు, "వదినేదీ?" అని.

ఇంటికొస్తూ తండ్రి మెల్లగా అన్నాడు. "నాకు రోడ్డు తెలుసమ్మా. ఎక్కినవాళ్ల భయమేంటో మీ అమ్మకి తెలుసు. ఈ మాట ఆవిడతో ఒక్కసారైనా అని ఉండాల్సింది."

తల్లి బల్ల దగ్గర చిక్కుళ్లు ఒలుస్తోంది. తలెత్తలేదు. కూతురు ఎదురుగా కూచుని తెల్లకాగితం తీసింది.

"అమ్మా, ఆ అధికారి ఎలా దగ్గుతాడు?"

తల్లి పెదవి బిగబట్టింది. గొంతు లావు చేసి ఖంగుమని దగ్గింది. "మనవాళ్ల పరీక్ష జరిగిన ప్రతిసారీ ఆ మైదానం పక్క బెంచీ మీద కూచుని విన్నానే. ఎలా మర్చిపోతాను?"

మాస్టారు గోడకి ఆనుకుని మరీ నవ్వాడు. నవ్వుతూనే కూతురి కళ్లు నిండాయి. "మనవాళ్లు నీకోసం వస్తున్నారమ్మా. ఆ ముక్క వదిలేసి అన్నీ రాశాను."

"నాకూ ఒక ప్లానుందే. ఎవరూ అడగలేదు," అంది తల్లి, చిక్కుడుకాయ వైపు చూస్తూ. "ఇంతమంది చేత స్టీరింగు పట్టించాను. నా చెయ్యి మాత్రం దానిమీద పడలేదు."

మాస్టారి నవ్వు ఆగింది. "నేనే అడగాల్సింది," అని, వచ్చి ఆవిడ పక్కన కూచుని తనూ ఓ చిక్కుడుకాయ తీసుకున్నాడు.

తల్లి చెప్తుంటే కూతురు రెండు భాషల్లోనూ రాసింది. మన బలం: పరీక్షాధికారి మాటని మన మాటలో అర్థం చేయించే మనిషి. మొదటి ఏడు: ఆమెకి లైసెన్సు. రెండో ఏడు: శిక్షకురాలిగా పట్టా, రెండో కారు. మూడో ఏడు ఏం రాయాలో తేలకముందే, మధ్యలో లేచి పొయ్యి మీద పడేసిన చిక్కుళ్లు మాడిన వాసనొచ్చింది.

మర్నాడు బట్టలు కుట్టే ఆవిడ పాసైంది. శుక్రవారం కాగితాలిచ్చేసి ముగ్గురూ ఖాళీ మైదానానికి వెళ్లారు. తల్లి స్టీరింగు ముందు కూచుంది. నేర్పేవాళ్ల కోసం రెండో బ్రేకు పెట్టిన పక్క సీట్లో, లైసెన్సున్న కూతురు. మాస్టారు మొదటిసారి వెనక సీట్లోకి ఎక్కి, మోకాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అవస్థపడ్డాడు.

కూతురు ఖంగుమని దగ్గి, అధికారి గొంతుతో ఊరి భాషలో ఒక మాట అంది. మాస్టారు హడావిడిగా ముందుకి వంగి ఆవిడ భుజం తట్టడానికి చెయ్యి చాపాడు.

"చెయ్యి తీయండి," అంది తల్లి, ఎదురుగా ఉన్న అద్దం మీంచి కళ్లు తిప్పకుండా. "నాకు చెవికే తెలుసు."

కారు ఎడమకి తిరిగింది.