నాన్న పాసయ్యాడు

టీ గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడుకి ఆయన పేపరు దించాడు. గ్లాసు పెట్టిన మనిషి అప్పటికే వంటింట్లోకి వెళ్ళిపోయింది. పదకొండు రోజులుగా ఇదే వరస. టీ వేళకి టీ, భోజనం వేళకి భోజనం, మాత్రల వేళకి మాత్రలు, అన్నీ వస్తున్నాయి. మాట మాత్రం రావడం లేదు. ముప్ఫై ఆరేళ్ళ కాపురంలో ఆవిడ అలిగిన రోజులు లేకపోలేదు గానీ, అప్పుడు గిన్నెలైనా చప్పుడు చేసేవి. ఇప్పుడు గిన్నెలు కూడా మెత్తగా దిగుతున్నాయి. అదే ఆయనకి ఎక్కువ భయంగా ఉంది.

ఆయన తాళాలు బాగుచేసేవాడు. నలభై ఏళ్ళు అదే పని. వీధంతా ‘తాళాలాయన’ అనే పిలిచేవారు. తాళంచెవి పోగొట్టుకుని గుమ్మంలో నిలబడ్డవాళ్ళు ఎంత తొందరపెట్టినా ఆయనకో పద్ధతి ఉండేది. పక్కింటి తలుపు తట్టి, “ఈ ఇల్లు వీళ్ళదేనా?” అని అడిగేవాడు. వాళ్ళు అవునంటేనే సంచిలోంచి పనిముట్లు బయటికి వచ్చేవి. వానలో తడుస్తున్న పెద్దమనుషులు చిరాకుపడితే, “విసుక్కోండి బాబూ. రేపు మీ ఇంటి తాళం తీయమని ఇంకెవడైనా పిలిచినా ఇలాగే అడుగుతాను” అనేవాడు.

అంతటి మనిషి నిరుడు, ఎవడో బ్యాంకు నుంచి మాట్లాడుతున్నానంటే, కార్డు మీది అంకెలన్నీ పూస గుచ్చినట్టు అప్పజెప్పేశాడు. డబ్బు పోయింది. పోతే పోయింది, అంతకంటే కొడుకు అన్న మాట ఆయనకి బాగా గుచ్చుకుంది. “ఊరందరి తాళాలూ తీశావు, సొంతింటికి తాళం వేసుకోవడం చేతకాలేదా నాన్నా?” అన్నాడు, చుట్టాలంతా కూర్చుని ఉండగానే. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు.

కొడుకు బీమా కంపెనీలో ఉద్యోగం చేస్తాడు. జనం పెట్టుకున్న అర్జీల్లో లోపాలు వెతికి, “కింద చిన్న అక్షరాలు చదువుకోలేదా?” అని తిప్పి పంపడం అతని పని. ఇంట్లోనూ అదే ధోరణి. ఆ సంఘటన తర్వాత ఫోను పక్కన గోడకి ఒక కాగితం అంటించాడు. ‘కార్డు గురించి ఎవరు అడిగినా కొనలేదు, తెలియదు అను. నీ గురించి అన్నీ తెలిసినట్టు మాట్లాడినా నమ్మకు. ఫోన్ పెట్టెయ్. మళ్ళీ చేస్తే ఎత్తకు.’ అని పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు, బడి పిల్లలకి రాసినట్టు.

ఇప్పుడీ మౌనానికి కారణం అక్కడే మొదలైంది.

ఆవిడ అక్క సముద్రం అవతల ఉంటుంది. ఆమెకి బొత్తిగా బాగాలేదని కబురొచ్చింది. “నా కార్డు మీదే కొను. మీ అమ్మని నేనే పంపుతాను” అని ఆయన పట్టుబట్టాడు. కొడుకు తండ్రి కార్డుతోనే విమానం టికెట్టు కొన్నాడు. నాలుగో రోజు ప్రయాణం. ఆవిడ పెట్టె సర్దుకుంది, అక్కకి ఇష్టమని నీలం శాలువా కూడా కుట్టింది. తీరా విమానాశ్రయంలో కౌంటరు దగ్గర అమ్మాయి తెరమీద చూసి, “ఈ టికెట్టు రద్దయిందండీ. ఇది తాను కొనలేదని కార్డు యజమానే చెప్పారు” అంది.

కార్డు యజమాని పక్కనే పెట్టె పట్టుకుని నిలబడి ఉన్నాడు.

మళ్ళీ సీటు దొరికేది మూడు రోజుల తర్వాతేనన్నారు. పెట్టెతో సహా ఇంటికి తిరిగొచ్చారు. రెండో రోజు పొద్దున్నే అక్క పోయింది. ఆ కబురు చెప్పిన ఫోను పెట్టేసిన దగ్గర్నుంచి ఆవిడ భర్తతో మాట్లాడలేదు. “ఎవరో ఫోన్ చేశారు. నేను కొనలేదన్నాను. పొరపాటైంది” అని తప్ప ఆయనా ఏమీ చెప్పలేదు.

“నాన్నా, ఇక్కడ సంతకం పెట్టు.”

కొడుకు చేతిలో కాగితంతో గదిలోంచి వచ్చాడు. ఆయన కలం తీసుకున్నాడు. “ఎక్కడ?”

“చదవవా? చదవకుండా ఎక్కడ పడితే అక్కడ పెట్టేస్తావు, అదే నీతో తంటా!” కొడుకు గొంతు పెరిగింది. “ఆ రోజు టికెట్ల కంపెనీవాళ్ళు నీతో మాట్లాడిన రికార్డింగు నేను వినడానికి నువ్వు ఒప్పుకుంటున్నట్టు రాశాను. కాదంటే ఏమవుతుందో వాళ్ళు నీకు సరిగ్గా చెప్పి ఉండరు. ఆ తప్పు పట్టుకుంటాను, చూడు.”

“ఎందుకురా ఇప్పుడు? వదిలెయ్.”

“వదిలెయ్యడం కాదు. ఒక్క మాట, అవును అని ఒక్క మాట అనాల్సిన చోట కాదన్నావు. అమ్మకి అక్క కడసారి చూపు లేకుండా పోయింది. అసలు ఆ రోజు నీ బుర్రలో ఏముంది?”

ఆయన సంతకం పెట్టి కాగితం ముందుకు తోశాడు. వంటింటి గుమ్మంలో ఆవిడ నిలబడి ఉంది. జవాబు కోసమే నిలబడిందని ఆయనకి తెలుసు. చల్లారిన టీ గ్లాసు అందుకున్నాడు. ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

టికెట్ల కంపెనీ ఆఫీసులో ఆ పని చూసే అమ్మాయికి పాతికేళ్ళుంటాయి. ఆమె బల్ల మీద సగం తిన్న బిస్కెట్ల పొట్లం, ఎదురుగా ఒక తెర ఉన్నాయి. కొడుకు తెచ్చిన కాగితం మీద తండ్రి సంతకాన్ని రెండుసార్లు సరిచూసుకుని, “కార్డు మీద పేరు ఒకటి, ప్రయాణం చేసేవారి పేరు ఇంకొకటి అయితే మేం ఫోన్ చేసి అడుగుతాం సార్. కొనేటప్పుడే అది రాసి ఉంటుంది, మీరు టిక్కు పెట్టారు కూడా” అంది.

“ఎక్కడ రాసి ఉంది?”

“కింద, చిన్న అక్షరాల్లో.”

ఆమె చెవులకి పెట్టుకునేది అతనికి అందించి మీట నొక్కింది.

“సార్, మీ కార్డుతో విమానం టికెట్టు ఒకటి కొన్నారు. కొన్నది మీరేనా?”

నాన్న గొంతు సవరించుకున్నాడు. “కాదమ్మా. నేనేమీ కొనలేదు.”

“మీరు కాదంటే టికెట్టు రద్దయిపోతుంది సార్. ఒకసారి ఇంట్లో ఎవరినైనా అడిగి చెబుతారా?”

“ఆఁ, అలా కూడా భయపెడతారని చెప్పాడులే మావాడు.” నాన్న నవ్వాడు. ఈ మధ్య ఇంట్లో ఎప్పుడూ వినని నవ్వు అది. “గొంతు మార్చి మార్చి విసుగొచ్చి, ఈసారి ఆడపిల్ల చేత చేయించాడా? వాడి ఆఫీసులో పిల్లవేనా నువ్వు? బాగానే మాట్లాడుతున్నావు తల్లీ. కానీ నేను పడను. కొనలేదంటే కొనలేదు. వాడికి చెప్పు, నాన్న పాసయ్యాడని.”

“సార్, నేను నిజంగానే...”

ఫోన్ పెట్టేసిన చప్పుడు.

“తర్వాత ఇంకో రెండుసార్లు చేశాను సార్. ఎత్తలేదు” అంది అమ్మాయి. తర్వాత మెల్లగా అడిగింది. “ఆయన ‘మావాడు’ అన్నది మిమ్మల్నేనా?”

అవును అనడానికి అతనికి నోరు రాలేదు.

నిజమే మరి. ఆ కాగితం అంటించాక అతను ఊరుకోలేదు. నెలకి రెండు మూడుసార్లు ఆఫీసు నుంచి గొంతు మార్చి తండ్రికి ఫోన్ చేసేవాడు. అమ్మ బట్టలు కుట్టే కొట్టుకి పనికి వెళ్ళే వేళ చూసి మరీ చేసేవాడు. “సార్, నిన్న మీరు మందులు కొన్నారు కదా?” అని దగ్గరుండి చూసినట్టు అడిగేవాడు. తండ్రి తడబడితే సాయంత్రం, “ఫెయిలయ్యావు నాన్నా” అనేవాడు. సరిగ్గా చెబితే, “పాస్” అని భుజం తట్టేవాడు. తనకదొక సరదా, జాగ్రత్త కూడాను. అవతల డెబ్బై ఏళ్ళ మనిషికి ఫోను మోగితే చాలు పరీక్ష హాల్లో కూర్చున్నట్టు చెమటలు పడతాయని అతనికి ఏనాడూ తోచలేదు.

ఇంటికి వచ్చేసరికి తండ్రి కిటికీ దగ్గర కూర్చుని పాత తాళం ఒకటి విప్పి నూనె వేస్తున్నాడు. తల్లి బట్టలు మడతపెడుతోంది. కొడుకు చెప్పులు కూడా విడవకుండా గోడ దగ్గరికి వెళ్ళి ఆ కాగితాన్ని చింపేశాడు. సగం గోడకే ఉండిపోయింది.

“ఏమైందిరా?” అంది తల్లి.

అతను చెప్పాడు. ఫోన్ల సంగతి, గొంతు మార్చడం, పాస్, ఫెయిల్, అన్నీ చెప్పాడు. చెబుతూంటే తనకే తన మాటలు రోతగా వినిపించాయి.

ఆవిడ చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. “పరీక్షలు పెట్టేవాడివా? మీ నాన్నకి? చేత్తో పట్టుకుని నీకు సైకిలు నేర్పిన మనిషికి?”

“మళ్ళీ మోసపోకూడదని...”

“నోర్ముయ్! మోసపోతే పోయేది డబ్బు. నువ్వు ఆయనకున్న కాస్త ధైర్యమూ లాగేసుకున్నావు.” ఆవిడ చొక్కా పక్కన పడేసింది. “అక్క మూడుసార్లు అడిగిందట, చెల్లి వచ్చిందా అని. గుమ్మం వైపే చూస్తూ పోయిందట. ఈ పదకొండు రోజులూ నేను ఎవరిని తిట్టుకున్నానో తెలుసా? తలగడలో మొహం పెట్టుకుని ఈయన్ని తిట్టుకున్నాను.”

కొడుకు తండ్రి ముందు చతికిలబడ్డాడు. “ఆ ఫోన్ చేయించింది నేననుకున్నావని ఎందుకు చెప్పలేదు నాన్నా? పొద్దున అడిగాను కూడా. ఒక్క మాట చెబితే సరిపోయేది కదా!”

ఆయన తాళాన్ని గుడ్డతో తుడుస్తూనే ఉన్నాడు. “చెబితే మీ అమ్మ నీతో కూడా మాట్లాడడం మానేస్తుంది కదరా. అక్క పోయిన దుఃఖంలో ఉంది. ఇంట్లో ఒక్కరితోనైనా మాట్లాడుకోవాలి కదా అది.”

కొడుకు ఏడ్చేశాడు. పెద్దవాడై, ఆఫీసులో నలుగురికి భయం చెప్పేవాడై, తండ్రి మోకాళ్ళ మీద తలపెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆయన నూనె చెయ్యి తగలకుండా మోచేత్తో వాడి వీపు నిమిరాడు. ఆవిడ ఇద్దరినీ చూస్తూ నిలబడింది గానీ దగ్గరికి రాలేదు. భర్త తప్పు లేదని తెలిసినంత మాత్రాన అక్క తిరిగిరాదు. ఆ సంగతి ఆ గదిలో ముగ్గురికీ తెలుసు.

మర్నాడు పొద్దున అక్క కూతురు ఫోన్ చేసింది. “పిన్నీ, అమ్మ బీరువా తాళంచెవి ఎక్కడ పెట్టిందో దొరకడం లేదు. బద్దలు కొట్టించడానికి నాకు మనసొప్పడం లేదు. బాబాయిని తీసుకుని వస్తావా?”

ఈసారి టికెట్లు రెండు. కొడుకు కుర్చీ వెనక నిలబడ్డాడు. తండ్రే ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, ఒక్కో అంకె వేలితో చూసుకుంటూ కార్డు వివరాలు కొట్టాడు. చిన్న అక్షరాలన్నీ కొడుకు పైకి చదివి వినిపించాడు. గంట తర్వాత ఫోను మోగింది.

ఆయన దాన్ని చూశాడు, కొడుకుని చూశాడు. “నేను ఇక్కడే ఉన్నాను నాన్నా. నేను కాదు” అన్నాడు కొడుకు.

ఆయన ఫోను ఎత్తాడు. అదే అమ్మాయి. “సార్, రెండు టికెట్లు కొన్నది మీరేనా?”

“అవునమ్మా. నేనే. నాకూ నా భార్యకీ.”

“ఇదివరకు ఈ కార్డు మీద కొన్న టికెట్టు మీరే కాదన్నారు సార్. అందుకని మాట్లాడుతున్నది మీరేనని ఇంట్లో ఇంకొకరు కూడా చెప్పాలి. ఏమీ అనుకోకండి.”

“అనుకోవడానికేముందమ్మా? నేనూ అలాగే అడిగేవాణ్ణి” అని ఆయన ఫోను కొడుకు వైపు చాచాడు. కొడుకు తీసుకోలేదు. తల్లి వైపు చూశాడు. ఆవిడ చేతులు పమిటకి తుడుచుకుని వచ్చి ఫోను అందుకుంది.

“మాట్లాడింది మావారే అమ్మాయ్” అంది. “ముప్ఫై ఆరేళ్ళుగా తెలుసు నాకు. ఆయనే.”

ఫోను పెట్టేశాక ఆవిడ భర్త వైపు తిరిగింది. “పనిముట్లు పెద్ద పెట్టెలో పెట్టుకోండి. చేతిసంచిలో అయితే ఒప్పుకోరట.”

పన్నెండు రోజుల తర్వాత ఆయనతో అన్న మొదటి మాట అది. ఆయన గబగబా లేచి, అటక మీది తోలుసంచి దింపి, దుమ్ము దులిపాడు.

“అలాగే. అలాగే పెడతాను” అన్నాడు.

“అక్కడ మీ పద్ధతి ప్రకారం పక్కింటివాళ్ళని పిలవక్కర్లేదు.” ఆవిడ నవ్వబోయింది. “ఆ బీరువా మా అక్కదే.”

ఆ మాట పూర్తవుతూనే ఏడుపు తన్నుకొచ్చింది. నీలం శాలువా ఇంకా పెట్టెలోనే ఉంది. ఆయన తోలుసంచి కింద పెట్టి, పన్నెండు రోజుల్లో మొదటిసారి ఆవిడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.